ఉన్నాను అనే బటన్

కోర్సుల విభాగం, మూడో అంతస్తు
జులై 4

అక్కకి,

ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే కొట్టుకుంటాం, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. ఇకనుంచి ఉత్తరాలే అని పోయినసారి నువ్వు పెట్టిన షరతు నాకు నచ్చింది. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ముందు మంచి కబురు. గణాంక శాస్త్రం మొదటి పేపరుకి ఆన్‌లైన్ కోర్సు మొత్తం మళ్ళీ కట్టే పని నాకే ఇచ్చారు. ఆ పాఠాలు చెప్పేది ఒక ముసలి మాస్టారు. గొంతు బావుంటుంది కానీ ఒక్కో పాఠం నలభై ఎనిమిది నిమిషాలు, అందులో సుద్దముక్క వెతుక్కోవడానికే రెండు నిమిషాలు. నేను ఒక్కో పాఠాన్నీ ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి, ముక్క చివర ఒక లెక్క పెట్టాను. తప్పు చేస్తే మార్కులు పోవు. ఎక్కడ తప్పిందో చూపించి మళ్ళీ చేయమంటుంది. నన్ను ఇలా తునాతునకలు చేశావేంటయ్యా అని మాస్టారు ముందు అలిగారు. అంతా చూశాక, నలభై ఏళ్ళుగా చెబుతున్న పాఠం తనకే ఇవాళ సరిగ్గా అర్థమైందన్నారు.

కానీ ఇదంతా ఎవరి కోసం? పోయిన నెల బస్టాండు వెనక వీధిలో ఒక దుకాణం చూశాను. గోడ పొడుగునా అరలు, అరల నిండా ఫోన్లు, అన్నిటిలోనూ మా పాఠాలే నడుస్తున్నాయి. గదిలో ఒక్క మనిషి లేడు. వినే ఓపిక లేని డబ్బున్న పిల్లలు తమ లాగిన్ అక్కడ ఇచ్చిపోతారట. పాఠం దానిపాటికి అది నడుస్తుంది, హాజరు పడిపోతుంది. నలభై మంది మాస్టార్లు నలభై ఫోన్లలోంచి ఒక ఖాళీ కుర్చీకి సగటు అంటే ఏమిటో చెబుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గరున్న కరపత్రం ఒకటి చదువుని కొనేవాడు పక్కవాడి కుర్చీని లాగేసినట్టే అంటుంది. ఆ వాక్యాన్ని ఆ గదిలో కళ్ళారా చూశాను.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. ప్రతి ముక్క మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు తెర మీద ‘ఉన్నారా?’ అని వస్తుంది. ఇరవై సెకన్లలో ‘ఉన్నాను’ అనే బటన్ నొక్కాలి. ఒక పాఠంలో మూడుసార్లు నొక్కడం తప్పితే ఆ పాఠం విననట్టే. మళ్ళీ వేసుకుని విన్నా లెక్కలోకి రాదు, ఎందుకంటే దుకాణం వాడు రోజంతా మళ్ళీ మళ్ళీ వేయగలడు. డౌన్‌లోడ్ కూడా తీసేశాను. పన్నెండు పాఠాల్లో తొమ్మిదైనా వినని వాళ్ళకి నవంబరులో పరీక్ష లేదు. మా విభాగంలో పదిమందిమి వారం రోజులు మా బల్లల దగ్గర కూర్చుని పరీక్షించి చూశాం. ఒక్కరికీ ఒక్కసారీ తప్పలేదు.

ఇంకోటి. నాకు పేర్లు కనిపించవు, నంబర్లే కనిపిస్తాయి. ఎవడి మేనల్లుడో, ఎవడి బావమరిదో అని సిఫార్సులు రాకుండా అది నేనే పట్టుబట్టి పెట్టించాను. మా విభాగాన్ని నడిపే మేడమ్ కూడా ఒప్పుకున్నారు.

ఎలా ఉందో చెప్పు. మెచ్చుకోవాలనేం లేదు, మెచ్చుకుంటే మాత్రం వివరంగా మెచ్చుకో.

నీ తమ్ముడు


ఆసుపత్రి, రక్తపరీక్షల గది
జులై 23

ఒరే అగ్గిపుల్లా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆ బటన్ ఏదో మనింట్లో కూడా పెట్టించమను, నేను మాట్లాడుతున్నప్పుడు నువ్వున్నావో లేదో తెలుస్తుంది అన్నారు. నేను నొక్కలేదు.

లెక్క తప్పితే కోప్పడకుండా మళ్ళీ చేయమనడం బావుంది. చిన్నప్పుడు నీకు ఎక్కాలు చెబుతూ నేను పెట్టిన మొట్టికాయలన్నీ గుర్తొచ్చాయి. నిజంగా బావుంది, వివరంగానే మెచ్చుకుంటున్నాను.

ఇక్కడ గోడకి కొత్త నోటీసు అంటించారు. డిగ్రీ కాగితం చూపించని వాళ్ళని ఈ ఏడాది చివర పరీక్షల బల్ల మీంచి తీసేస్తారట. వార్డుల్లో తిరిగి నమూనాలు మోసుకొచ్చే పనికి వేస్తారు. గదిలో కొందరికి నిద్ర పట్టడం లేదు. నాకేం లేదులే.

నీకో మనిషి గురించి చెప్పాలి. మా గదిలో గాజు గొట్టాలు కడిగే ఆవిడ ఉంది. యాభై ఒకటి దాటాయి. అందరం గాజు పిన్ని అంటాం. ఇరవై రెండేళ్ళుగా కడుగుతూ, ఈ గొట్టాల్లో మీరేం చూస్తున్నారో నాకూ తెలియాలి అని నీ కోర్సులో చేరింది. నీ కోర్సే. ఆవిడకి ఫోను ముట్టుకునే వీలు ఉండదురా. చేతులకి గ్లవ్స్ ఉంటాయి, గ్లవ్స్ మీద రక్తం ఉంటుంది. ఆ చేత్తో ఫోను తాకితే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి అరలో ఉంచుకుని చెవితో వింటుంది. ‘ఉన్నారా?’ అని వచ్చినప్పుడు గ్లవ్స్ తీసి, చేతులు కడిగి, తుడుచుకుని, వెళ్ళి నొక్కడానికి యాభై సెకన్లు పడుతోంది. గడియారం పెట్టి చూశాం.

నీ ఇరవైని అరవై చేయకూడదా? నాకు తెలీక అడుగుతున్నాను.

అక్క


కోర్సుల విభాగం
ఆగస్టు 9

అక్కా,

నీ పిన్నిగారంటే నాకు గౌరవమే. కానీ చెప్పాల్సింది చెప్పకపోతే నేను నేను కాను.

అరవై సెకన్లు ఇస్తే దుకాణం వాడు ఒక్క మనిషిని పెట్టుకుని నలభై ఫోన్ల మధ్య తిప్పుతాడు. అది లెక్కవేసే ఇరవై పెట్టాను. ఒక మంచి మనిషి కోసం తలుపు తీస్తే ఆవిడ వెనకే ఎంతమంది లోపలికి వస్తారో నీకు తెలీదు. నియమం అన్నాక అందరికీ ఒకటే. రేపు వైద్యుడి కొడుక్కి ఒకటీ, గొట్టాలు కడిగే ఆవిడకి ఒకటీ అంటే నేను మేడమ్‌తో ఏ మొహం పెట్టుకుని పోట్లాడను?

పైగా పాఠానికి కూర్చోవాలక్కా. చేతులు వేరే పనిలో పెట్టి వినేది పాఠం కాదు, రేడియో. ఆవిడకి తీరికగా కూర్చునే హక్కు ఉండాలి, ఎనిమిది గంటలు నిలబెట్టే ఆసుపత్రి మీద కొట్లాడాలి. అంతేగానీ పాఠమే నిలబడి పరిగెత్తాలంటే ఎలా? దీని మీద నా దగ్గర మంచి కరపత్రం ఉంది. పంపిస్తున్నాను, ఆవిడకి చదివి వినిపించు.

నువ్వు పనిచేస్తూనే డిగ్రీ పూర్తి చేశావుగా, నీకెవరు సడలింపు ఇచ్చారు? అన్నట్టు నీ డిగ్రీ కాగితం నాకింతవరకూ చూపించలేదు. ఈసారి వచ్చినప్పుడు చూపించు, నా గదిలో గోడకి దాని నకలు పెట్టుకుంటాను.

కోపం తెచ్చుకోకు.

నీ తమ్ముడు


రక్తపరీక్షల గది
సెప్టెంబరు 12

తమ్ముడికి,

కరపత్రం అందింది. పిన్నికి వినిపించాను. బావుందమ్మా, ఎవరో చదువుకున్నాయన రాశాడు అంది. రేడియో అన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆవిడ ఎలా వింటుందో రాస్తాను. మధ్యాహ్నం గొట్టాలు కడుగుతూ ఒకసారి వింటుంది. అర్థం కానిచోట కుడి మోచేత్తో నన్ను పొడుస్తుంది, నేను గుర్తుపెట్టుకోవాలి. తెల్లవారి డ్యూటీ మొదలయ్యే లోపు బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని అదే పాఠం మళ్ళీ వింటుంది, లెక్కలు చేస్తుంది. తప్పుతుంది. మళ్ళీ చేస్తుంది. మొన్న ఒక రిపోర్టు చేతిలోకి తీసుకుని, ఇక్కడ మామూలుగా ఉంది అని రాశారు కదా, ఎవరితో పోలిస్తే మామూలు, ఆ ఎవరిని ఎవరు ఏరారు అని మా పెద్ద డాక్టరునే అడిగింది. ఆయన రేపు చెబుతానన్నాడు. వారమైంది.

ఇప్పటికి అయిదు పాఠాలు విననట్టు పడ్డాయి. విన్నవే. రెండేసిసార్లు విన్నవి. రెండోసారి విన్నది లెక్కలోకి తీసుకోమని మాత్రమే అడుగుతున్నాను. ఆగస్టు చివర మీ విభాగానికి అర్జీ కూడా పెట్టింది, ‘నియమాలు చూడగలరు’ అని జవాబొచ్చింది.

ఒక్కసారి వచ్చి మా గదిలో ఒక గంట కూర్చో. బస్సులో నాలుగు గంటలే. ఏమీ మాట్లాడను, వాదించను. కూర్చుని చూసి వెళ్ళిపో. ఇంతవరకూ నిన్నేమీ అడగలేదు. ఈ ఒక్కటీ అడుగుతున్నాను.

అక్క


కోర్సుల విభాగం
అక్టోబరు 8

అక్కా,

రాలేకపోయాను. జాబితా పని మీద పడింది. మొన్ననే అయింది.

మొత్తం మూడు వందల పన్నెండు. పదకొండు వేల మందిలో మూడు వందల పన్నెండు మంది తొమ్మిది పాఠాలు కూడా వినలేదు. నిన్న విద్యామండలి ముందు మేడమ్ నన్నే నిలబెట్టి చెప్పమన్నారు. పాఠం వినకుండా పట్టా కోరేవాడు వినే ప్రతివాడినీ వెక్కిరిస్తున్నట్టే అన్నాను. ఒక పెద్దాయన బల్ల మీద చరిచి మెచ్చుకున్నాడు. ఈ పద్ధతిని ఇంకో నాలుగు విశ్వవిద్యాలయాలు చూడటానికి వస్తున్నాయి.

జాబితా చివర ‘పరిశీలించినవారు’ అన్నచోట నా సంతకం. ఒక్క పేరూ లేదు, అన్నీ నంబర్లే. ఇంత శుభ్రమైన కాగితం నేనెప్పుడూ చూడలేదు.

మీ పిన్ని అందులో ఉంటే నాకు బాధే. అబద్ధం చెప్పను. కానీ ఆవిడకి వచ్చే ఏడాది ఉంది.

జవాబు రాయి. నెల రోజులుగా నీనుంచి ఒక్క ముక్క లేదు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి
అక్టోబరు 15

తమ్ముడూ,

2609. నీ జాబితాలో ఈ నంబరు చూడు.

అది నాది.

నేను డిగ్రీ పూర్తి చేయలేదు. నీకు చెప్పింది అబద్ధం. నీ చదువు అయ్యాక నాది చూసుకుందాం అనుకుని ఆపాను. నీది అయ్యేసరికి నేను గణాంకాలు పూర్తిగా మర్చిపోయాను. ఈ పేపరు రెండుసార్లు తప్పాను. అక్క తప్పింది అని నీకెలా చెప్పను? మా అక్క పనిచేస్తూ చదివింది అని నువ్వు ఊళ్ళో అందరికీ చెప్పుకు తిరుగుతుంటే, చెప్పే రోజు రోజురోజుకీ దూరం జరిగింది.

నీ కోర్సులో చేరానని చెబితే, బంధువు ఉన్న కోర్సు నుంచి నిన్ను తప్పిస్తారని మీ నియమాల్లో చదివాను. అది నీకు ప్రాణం. అందుకని పిన్ని పేరు పెట్టి నా సంగతి కూడా రాశాను. పిన్ని ఉన్నమాట నిజం, ఆవిడ కూడా నీ జాబితాలో ఉంది, 2610. ఇద్దరం ఒకే రోజు చేరాం. నువ్వు రేడియో అన్నది నన్ను కూడా.

నా రిజిస్ట్రేషన్ ఈ నవంబరుతో అయిపోతుంది. తర్వాత మళ్ళీ మొదటి పేపరు నుంచి మొదలుపెట్టాలి. నోటీసు సంగతి రాశాను కదా, నాకేం లేదులే అన్నాను కదా. జనవరిలో నన్ను బల్ల మీంచి తీసేస్తారు. పద్నాలుగేళ్ళు, తమ్ముడూ. గొట్టం ఎత్తి వెలుగులో పట్టుకుంటే యంత్రం చెప్పకముందే నాకు తెలుస్తుంది. ఆ గొట్టాలు ఇక నేను మోసుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాలి.

ఈ కోర్సు కట్టింది నువ్వే అని తెలియకపోయినా నేను కనిపెట్టేదాన్ని. మూడో పాఠంలో ఒక లెక్కకి తప్పు జవాబు ఇస్తే ‘ఫరవాలేదు, భిన్నం తిరగబడింది, మళ్ళీ చూడండి’ అని వస్తుంది. అది చూసి గదిలో ఒక్కదాన్నే ఏడ్చాను, సంతోషంతో. ఇంత బాగా నేర్పించి, నేర్చుకోలేదని నువ్వే ఎలా సంతకం పెట్టావురా?

ఏం చేయగలవో నాకు తెలీదు. చేయగలిగితే చెయ్యి.

అక్క


కోర్సుల విభాగం
అక్టోబరు 21

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. తిన్నదీ పడుకున్నదీ గుర్తులేదు. ఈ మూడు రోజులూ ఒకే పని చేశాను, ఇది అందరికంటే ముందు నీకే చెప్పాలి.

ఇన్నాళ్ళూ నేను ఒక్క వరసే చూశాను, నొక్కారా లేదా అన్నది. దాని పక్కనే ఇంకో వరస ఉంది, ఎన్నో సెకనులో నొక్కారు అన్నది. దాన్ని నేనే పెట్టించి నేనే ఎప్పుడూ తెరవలేదు. నీ నంబరు చూశాక తెరిచాను. హాజరు నూటికి నూరు పడ్డవాళ్ళలో నూట తొంభై మంది మూడు నెలలపాటు ప్రతిసారీ సరిగ్గా మూడో సెకనులోనే నొక్కారు. ఏ మనిషీ అలా నొక్కడు. దుకాణం వాడు తనంతట తానే నొక్కే ఏర్పాటు ఏదో వారంలోనే పెట్టుకున్నాడు. ఆ నూట తొంభై మందీ ఒక్క లెక్క కూడా చేయలేదు.

మీ మూడు వందల పన్నెండు మందీ ఆలస్యంగా నొక్కారు. పాతిక, నలభై, యాభై ఆరు. ఒక్కో పాఠం రెండుసార్లు, మూడుసార్లు తెరిచారు. తెల్లవారుజామున అయిదింటికి ఒకరు, బస్సు ఊళ్ళు దాటుతుంటే తెగుతూ అతుకుతూ ఒకరు. లెక్క తప్పారు, మళ్ళీ వచ్చారు, దిద్దుకున్నారు. నా కోర్సు ఎవరి కోసం కట్టానో సరిగ్గా వాళ్ళనే ఏరి ఏరి బయటికి తోశాను అక్కా. దొంగలకి నా చేత్తో యోగ్యతాపత్రం ఇచ్చాను. పరీక్షించిన పదిమందిమీ కుర్చీల్లో కూర్చుని, చేతులు ఖాళీగా పెట్టుకుని, ఎప్పుడు వస్తుందా అని తెరకేసి చూస్తూ ఉన్నాం. ఎవరికైనా ఎందుకు తప్పుతుంది?

ఇవన్నీ అచ్చు తీసి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ అంతా చదివారు, చదవలేదని అనను. జాబితా విప్పితే పదకొండు వేల మందికి పరీక్ష వాయిదా వేయాలి, మండలి మళ్ళీ కూడాలి, చూడటానికి వచ్చే నాలుగు విశ్వవిద్యాలయాలకి ఏం చెప్పాలి అన్నారు. నేను అరిచాను. ఎప్పటిలాగే అరిచాను. ఆవిడ నేను అలిసేదాకా ఆగి, తలుపు వేసి, చాలా మెత్తగా అడిగారు.

“మీవాళ్ళెవరైనా ఉన్నారా అందులో?”

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. ఆ సర్దడమే జవాబు అయిపోయింది.

“ఒక్క నంబరైతే నా చేతిలో పని. వెళ్ళి ఆలోచించుకో.”

ఆలోచించేదేముంది అని ఇంటికి వచ్చాను. ఆలోచిస్తూనే ఉన్నాను.

నీ తమ్ముడు


గది నుంచి
నవంబరు 2

అక్కా,

2609 తీసేశారు. హాల్ టికెట్ నాలుగు రోజుల్లో వస్తుంది.

ఎలా అని అడగకు. తొమ్మిదో పాఠం రెండోసారి చూసుకో, అందులోంచి తప్పకుండా ఒకటి వస్తుంది. పిన్నికి చెప్పకు.

తమ్ముడు


ఇంటి నుంచి
నవంబరు 14

తమ్ముడూ,

నా హాల్ టికెట్ వచ్చిన రోజే పిన్నికి కాగితం వచ్చింది. పక్కపక్కన నిలబడి విప్పాం. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోలేదు, నన్ను చదవమంది. చదివాను. ‘జాబితాలోని అన్ని నంబర్లనూ తిరిగి పరిశీలించడమైనది. ఒక్క పొరపాటు గుర్తించి సరిదిద్దడమైనది. మిగిలిన మూడు వందల పదకొండు నంబర్ల విషయంలో నిర్ణయం సరైనదేనని ధ్రువీకరించడమైనది.’ కింద నీ సంతకం.

నీకు అక్షరాలు దిద్దించింది నేను. ఆ సంతకం నీదో కాదో నాకు ఇంకొకరు చెప్పాలా? నన్ను తీసేయడానికి మిగతా అందరి మీదా తాళం వేశావు. ఇది నువ్వు తెలియక పెట్టిన సంతకం కాదు. మొదటిది తెలియక పెట్టావు. దీన్ని అన్నీ తెలిసి పెట్టావు, నాకోసం పెట్టావు.

నేను పిన్నికి మొత్తం చెప్పేశాను. నువ్వు నా తమ్ముడివని, ఆ ఒక్క పొరపాటు నేనేనని. ఆవిడ కాసేపు గొట్టాలు కడిగింది. తర్వాత, మీ తమ్ముడు నిన్ను బాగా చూసుకుంటాడు అంది. తిడితే బావుండేది.

పరీక్ష రోజు నేను వెళ్ళనని కూర్చున్నాను. పిన్ని సెలవు పెట్టి మా ఇంటికి వచ్చింది. గేటు దాకా నా చెయ్యి వదల్లేదు. గేటు దగ్గర నేను మళ్ళీ మొండికేస్తే ఒకే మాట అంది.

“నువ్వు బయట కూర్చుంటే నాకు సీటు వస్తుందా? వెళ్ళి రాయి. బయటికొచ్చి నాకు ప్రశ్నలు చూపించు.”

వెళ్ళాను. రాశాను. బాగా రాశాను, అది కూడా చెప్పాలి. ఆ మూడు గంటలూ నాకు రక్తం గుర్తు రాలేదు, నోటీసు గుర్తు రాలేదు, లెక్కలే ఉన్నాయి. బయటికి వస్తే ఆవిడ మెట్టు మీదే ఉంది. ప్రశ్నపత్రం తీసుకుని, నా పెన్సిల్ తీసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని దాని మీద కాగితాలు పరుచుకుని మొదలుపెట్టింది. కాపలా మనిషి వచ్చి లేవమంటే, మూడు గంటలు నాయనా, లోపల వాళ్ళకి ఇచ్చారుగా అంది. అతను ఏమనుకున్నాడో, ఎండ ఆవిడ మీద పడకుండా తన కుర్చీ నీడలోకి జరిపి ఇచ్చాడు. రెండు గంటల యాభై నిమిషాలకి పెన్సిల్ కింద పెట్టింది.

ఆ కాగితాలు ఇందులో పెడుతున్నాను. వీటి మీద నంబరు లేదు. మాస్టారి చేత దిద్దించు. తర్వాత నీకు తెలిసిన నిజమంతా, రెండో సంతకం ఎందుకు పెట్టావో అది కూడా, ఒక కాగితం మీద రాసి మండలికి ఇవ్వు.

నువ్వు అది రాస్తే నా పేపరు కూడా కొట్టేస్తారు. దొడ్డిదారిన వచ్చిన హాల్ టికెట్ అని తేలాక ఉంచరు. అది తెలిసే అడుగుతున్నాను. అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఈ నాలుగు రోజులూ బల్ల దగ్గర ఒక్కో గొట్టం ఎత్తి పట్టుకున్నప్పుడల్లా అడగకుండా ఉండిపోదామనే అనిపించింది. నేనేమీ గొప్పదాన్ని కాదు.

ఆ పని అయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు.

అక్క


గది నుంచి
నవంబరు 29

పిన్నిగారికి,

నమస్కారం. నేను 2609 తమ్ముణ్ణి. మీరు నన్ను చూడలేదు. చూడటానికి రమ్మని అక్క పిలిచినప్పుడు నేను రాలేదు.

మీరు పాఠాలు విన్నారు. వినలేదని నేను సంతకం పెట్టాను. విన్నారని తెలిశాక కూడా ఇంకోసారి పెట్టాను.

మీ కాగితాలు మాస్టారు నా ఎదురుగానే దిద్దారు. నూటికి ఎనభై మూడు. అయిదో లెక్కలో వర్గమూలం దగ్గర తప్పింది, పద్ధతి సరైనదే అన్నారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి ఊరందరి ఆరోగ్యం గురించి తీర్మానించవచ్చా అన్న ప్రశ్నకి, రాలేనివాళ్ళు లెక్కలో లేరు కాబట్టి తీర్మానించకూడదు అని మీరు ఒక్క వాక్యం రాశారు. దానికి పూర్తి మార్కులు వేసి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. చివర ఎర్ర సిరాతో ‘ఈమె నా పాఠం విన్నది’ అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితాలే దీనితో పంపిస్తున్నాను.

నా వాంగ్మూలం మండలికి ఇచ్చాను. ఈ ఏడాదికి జాబితా మారదని జవాబు వచ్చింది. మారింది ఒక్కటే, 2609 మళ్ళీ అందులోకి వెళ్ళింది. అక్క జవాబుపత్రం దిద్దకుండా పక్కన పెట్టారు. జనవరిలో ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆవిడ పక్కన నిలబడేది మీరు. నేను అరిస్తే ఏదైనా కదులుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈసారి అరవలేదు, అయినా ఏదీ కదల్లేదు.

నా గుర్తింపు కార్డు మొన్న తీసుకున్నారు. తీసుకునే ముందు రోజు ప్రవేశాల రిజిస్టరు తెరిచి జాబితాలోని వాళ్ళ చిరునామాలన్నీ చేత్తో ఎక్కించుకున్నాను. అది తప్పని తెలుసు. ఆ తప్పుకి మాత్రం నాకు సిగ్గు లేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. అడిగితే మీరు వెంటనే సరేనంటారని భయం.

నిర్ణయం మీద పై అధికారికి అర్జీ పెట్టుకోవడానికి డిసెంబరు పది దాకా గడువుంది. ఒక్కరే పెడితే ‘నియమాలు చూడగలరు’ అంటారు. ఎక్కువమంది ఒకే వారంలో పెడితే ఏమంటారో తెలీదు, ఇంతవరకూ ఎవరూ అలా పెట్టలేదు. వెనక పేజీలో అర్జీ నమూనా రాశాను. మీరు ప్రతి పాఠం ఎన్నిసార్లు తెరిచారో, ఏ రోజు ఎన్ని గంటలకో, ఏ లెక్క ఎన్నోసారికి సరిచేశారో నా దగ్గరున్న అచ్చులో చూసి వరసగా ఎక్కించాను. ఈ ఉత్తరాన్ని కూడా జతచేయండి. ఇందులో ఉన్నది ఎక్కడికి పిలిచినా వచ్చి చెబుతాను. అక్కకి ఈ ఉత్తరం చూపించండి, తనకి నేను విడిగా ఏం రాయాలో ఇంకా తెలియడం లేదు.

ఇది మొదటిది. ఇంకా మూడు వందల పదకొండు రాయాలి, గడువు పదకొండు రోజులే ఉంది. అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

ఇట్లు,
కోర్సు కట్టినవాడు